ఎర్రదిబ్బ దారి – 14: అమావాస్య కందెన

ఆదివారం సాయంత్రం ఎర్రదిబ్బ ఎత్తు మీద ఏం జరిగిందో ఇంకా ఎవరూ మరిచిపోయి ఉండరు. భద్రయ్య కారు సగం ఎత్తు ఎక్కాక రెండో గేరు దానంతటదే ఊడిపోయింది. పది బారల దూరం వెనక్కి దొర్లి, దారి పక్కనున్న తునికి మోడుకు ఆనుకుని ఆగింది. ముందు సీట్లో భద్రయ్య భార్య నిర్మల. ఆమె ఒళ్లో మూడేళ్ల జానకి, గొంతులో పిల్లికూతలతో, నీలం తిరిగిన పెదాలతో. కట్టెల ట్రాక్టరు ఒకటి ఎదురొచ్చి, తాడు కట్టి పైకి లాగింది కాబట్టి సరిపోయింది. కొత్తగూడెంలో డాక్టరుగారు పిల్ల ముక్కుకు గాలి గొట్టం పెట్టి, గంటన్నర దాకా నిర్మల మొహం వైపు చూడనే లేదు. చూశాక, "ఇంకో అరగంట ఆలస్యమైతే..." అని, మిగతాది మింగేశారు. పంపించేటప్పుడు మాత్రం, "వానలు పడితే ఈ ఆయాసం మళ్లీ వస్తుందమ్మా. ఏ పూటైనా రావచ్చు. బండి సిద్ధంగా ఉంచుకోండి" అన్నారు.

ఆ చివరి మాట మూడు రోజులుగా నిర్మలకు కంటి మీద కునుకు లేకుండా చేసింది.

రేగులగుంపు నుంచి జూలూరుపాడు రోడ్డుకు పన్నెండు కిలోమీటర్లు. అంతా అడవి దారే. బస్సు రాదు. వాన పడితే ఎడ్లబండి కూడా ఎర్రదిబ్బ కిందే ఆగిపోతుంది. ఊరు మొత్తానికి ఉన్నది ఈ తెల్ల అంబాసిడర్ ఒక్కటే. నిర్మల మామగారు బసవపున్నయ్య, మిరప విరగపండిన ఏడు, కృష్ణా జిల్లా నుంచి తోలుకొచ్చిన ఎడ్లనూ బండినీ కూడా అమ్మి, ఆ డబ్బు కలిపి కొన్న కారు. కొనేనాటికే అది ఎవరో కాంట్రాక్టరు దగ్గర బాగా నలిగింది. ఇప్పుడు దాని మీటరు రెండుసార్లు చివరికంటా తిరిగి, మూడోసారి సున్నాల నుంచి మొదలైంది.

బుధవారం పొద్దున్నే మేస్త్రీ పూల్‌సింగ్ వచ్చాడు. జూలూరుపాడు పక్క తండా మనిషి. బొగ్గు గనుల వర్క్‌షాపులో పని నేర్చుకున్నవాడు. సైకిలు హ్యాండిలుకు ఒక పక్క పనిముట్ల సంచీ, ఇంకో పక్క, గేరుబాక్సులో పాతది తీసి పోయడానికి, కొత్త గేరు ఆయిలు డబ్బా. సైకిలు స్టాండు వేసి, కారు వైపు చూసి, నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

కారు ముందు, బంపరుకు ఆనించి, నులకమంచం వేసి ఉంది. దాని మీద బసవపున్నయ్య వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కండువా మొహం మీద కప్పుకుని.

"ఏందన్నా ఇది?" పూల్‌సింగ్ భద్రయ్యను అడిగాడు. "ధర్నానా?"

"తెల్లారకముందే వేసిండు," అన్నాడు భద్రయ్య తల గోక్కుంటూ. "నాన్నా, లేవండి. మేస్త్రీ వచ్చిండు."

"వచ్చాడు కదా, కాఫీ ఇచ్చి పంపించు." కండువా కిందనుంచి గొంతు వచ్చింది. "ఆయిలు తీసేది లేదు. తీయాలంటే ముందు నన్ను తీసి అవతల పారెయ్యండి."

వసారాలో బియ్యం చెరుగుతున్న అత్తగారు సుబ్బరత్నం చాట ఆపకుండానే అంది. "ఎండ నెత్తి మీదికి రానియ్యండి, ఆయనే లేస్తాడు. నలభై ఏళ్లుగా చూస్తున్నాను."

పూల్‌సింగ్ నవ్వాపుకుని నిర్మల వైపు తిరిగాడు. ఈ ఇంట్లో మాట తేల్చేది ఎవరో అతనికి ఆదివారం జూలూరుపాడులో బండి చూసినప్పుడే తెలిసింది.

"వదినె, ఉన్నమాట చెప్త. ఇది కొత్త బండైతే నేను అడగనే అడగ, తీసి పారేస్త. ఇది ముసల్ది. లోపల గేర్ల పండ్లు అరిగినయి. పాత ఆయిలు చిక్కగై, దాన్ని పట్టుకొని ఏదో నడిపిస్తున్నది. అది తీసి పల్చటిది పోస్తె చప్పుడు పెరగొచ్చు. రెండో గేరు అసలే నిలవకపోవచ్చు. గట్లయిన బండ్లు నేను చూసిన."

"తియ్యకపోతే?"

"ఆదివారం అయినట్టే మళ్ల అయితది. ఏ రోజు, ఏ జాగల అన్నది మాత్రం చెప్పలేను."

"అయితే తీసినా భయమే, తియ్యకపోయినా భయమే అన్నమాట."

"అవ్. నా మనసుకైతే పదింట్ల ఆరు పాళ్లు తీయుడే మంచిదనిపిస్తది. నాలుగు పాళ్లు భయం. వేరే గేరుబాక్సు కావాలంటే బెజవాడ పోయి పాత సామాన్ల దుకాణాలల్ల ఎతకాలె. నెల పడ్తది. తీయమంటే జల్దీ తీస్త, వద్దంటే పోత. మీరు చెప్పున్రి."

భద్రయ్య తండ్రి మంచం వైపు చూశాడు. పెళ్లాం వైపు చూశాడు. మెత్తని మనిషి. స్టీరింగు ముందు కూర్చుంటే ఎంత చురుకో, దిగి నేల మీద నిలబడితే అంత నెమ్మది.

"నాన్న ఇంతగా చెప్తున్నడు కదా. రెండు రోజులు ఆగి చూద్దామా?"

"వాన ఆగుతుందా రెండు రోజులు?" అంది నిర్మల. "మృగశిర వచ్చి నాలుగు రోజులైంది."

మంచం మీద కండువా కదిలింది. "అమ్మాయ్, నీకు తెలియదు. అది దాని ఒంటికి పట్టిన నూనె. దాన్ని కడిగేసి కొత్తది పోస్తే, ముసలాడికి తలంటు పోసి వానలో నిలబెట్టినట్టే. మంచాన పడుతుంది."

"మీరు పడ్డట్టా?" అంది సుబ్బరత్నం వసారాలోంచి.

నిర్మలకు నవ్వు రాలేదు. మామగారు మొండి మనిషే, కాదనదు. కానీ ఆ మొండితనానికీ ఒక పద్ధతి ఉంటుంది. నలుగురిలో నిలబడి, చెయ్యి ఊపుతూ, వాదించి మరీ గెలుస్తాడు. ఇలా మొహం కప్పుకుని పడుకోవడం ఆయన పద్ధతి కాదు. ఆదివారం నుంచి మనవరాలిని ఎత్తుకోనూ లేదు. "తాతా" అని జానకి చేతులు చాపితే, చేతులు మురికిగా ఉన్నాయని కొట్టంలోకి పోయాడు.

ఆమె లోపలికి వెళ్లింది. జానకి చాప మీద నిద్రపోతోంది. వంగి, పిల్ల రొమ్ముకు చెవి ఆనించింది. ఇది రోజుకు ఇరవైసార్లు చేసే పనే. లోపల సన్నగా, తలుపు సందులోంచి గాలి వచ్చినట్టు వినిపించింది. కూత కాదు. కూతకు ముందు వచ్చేది.

లేచి గోడకున్న క్యాలెండరు దగ్గరికి వెళ్లింది. పిల్లకు ఆయాసం వచ్చిన రోజులన్నీ రాసి పెట్టమని డాక్టరుగారు సంక్రాంతి ముందే చెప్పారు. పెన్సిలుతో గుండ్రంగా సున్నా చుడుతుంది. ఆ పెన్సిలు చేతిలో ఉన్నప్పుడే, సాయంత్రం కాళ్లు కడుక్కుంటూ భద్రయ్య "ఇవాళ గేరు మళ్లీ బిగిసింది" అంటే, ఆ రోజు మీద ఒక ఇంటూ గుర్తు కూడా వేసేది. ఎందుకు వేసేదో ఆమెకే తెలియదు. పిల్ల ఊపిరీ కారు గేరూ ఆమె మనసులో ఎప్పుడో ఒకటైపోయాయి.

ఈ రోజు తేదీ మీద పెన్సిలు పెట్టి ఆగింది. ఇంటూలన్నీ ఒకేచోట గుమిగూడి ఉన్నాయి.

జూన్‌లో ఎనిమిదో తేదీ, ఆదివారం. కాగితం వెనక్కి తిప్పింది. మేలో తొమ్మిది, పది. ఇంకో కాగితం. ఏప్రిల్‌లో పది, పదకొండు. మార్చిలో పదకొండు. నెల మధ్యలో ఒక్కటంటే ఒక్కటి లేదు. ప్రతి నెలా ఆ ఇంటూలకు ఒకరోజు ముందో, రెండు రోజుల ముందో, క్యాలెండరు అచ్చువేసినవాళ్లు వేసిన నల్లని గుండ్రం.

అమావాస్య.

కారుకు అమావాస్య ఏమిటి?

నిర్మల కళ్లు గూట్లో ఆముదం సీసా మీద పడ్డాయి. పిల్ల మాడుకు పెట్టడానికి శుక్రవారం సంతలో నిండు సీసా తెచ్చుకుంది. ఆదివారం పొద్దున చూస్తే అడుగున వేలెడు కూడా లేదు. జానకి పడదోసిందేమో అనుకుంది. కానీ నేల మీద ఎక్కడా జిడ్డు లేదు. శనివారం అమావాస్య.

కొట్టం గోడకు ఒక వెదురు గొట్టం వేలాడుతూ ఉంటుంది. ఎడ్లబండి ఇరుసుకు పెట్టే కందెన గొట్టం. ఆముదంలో కాల్చిన వరిగడ్డి మసి కలిపి, అందులో పోసుకుని, బండి కింద కట్టుకునేవాళ్లు. ఎడ్లు పోయి, బండి పోయి పదేళ్లయినా మామగారు దాన్ని గుర్తుగా ఉంచుకున్నారని అనుకునేది. నిర్మల పెరటి వైపు నుంచి వెళ్లి గొట్టం బిరడా లాగి చూసింది. వేలు పెట్టింది. వేలికి నల్లగా, తడిగా అంటింది. పదేళ్లనాటిది తడిగా ఉంటుందా?

బిరడా తిరిగి పెట్టేసింది. ఆమెకు ఒళ్లు మండింది.

భద్రయ్యా పూల్‌సింగూ కారు ముందు చక్రాలను ఎక్కించడానికి దుంగలు తేవాలని దొడ్డి వెనక్కి వెళ్లారు. సుబ్బరత్నం బియ్యంతో లోపలికి పోయింది. నిర్మల క్యాలెండరు చేత్తో పట్టుకుని వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"మామయ్యా, అమావాస్య నాడు మీరు కారుకి ఏం చేస్తారు?"

కండువా కింద ఊపిరి ఆగినట్టయింది. "ఏం చేస్తాను? కొబ్బరికాయ కొడతాను."

"కాయ కొడితే గేరు బిగుసుకోదు." క్యాలెండరు ఆయన గుండెల మీద పెట్టింది. "చూడండి. నల్ల గుండ్రం అమావాస్య. ఇంటూలు గేరు బిగిసిన రోజులు. మార్చి నుంచీ చూడండి."

"నా కళ్లజోడు లోపల ఉంది."

"అయితే ఇది చూడండి. దీనికి కళ్లజోడు అక్కర్లేదు." మసి అంటిన వేలు ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

బసవపున్నయ్య కండువా తీసేశాడు. మూడు రోజుల్లో ఆయన మొహం సగమైపోయిందని నిర్మల అప్పుడే చూసింది. లేచి కూర్చుని, మంచం పట్టె రెండు చేతులా పట్టుకున్నాడు.

"మా నాన్న అమావాస్య నాడు ఎడ్ల మెడ మీద కాడి పెట్టనిచ్చేవాడు కాదమ్మా. ఆ రోజు చక్రాలు ఊడదీసి ఇరుసుకు కందెన పెట్టడమే పని. బండి కిర్రుమంటే ఊళ్లో తలెత్తుకోలేం. కందెన పెట్టుకునే తెలివి కూడా లేదురా వీడికి అంటారు. మూడేళ్ల కిందట ఈ కారు అలాగే ఏడవడం మొదలెట్టింది. ఆ ఏడుపు వినలేకపోయాను. ఒక అమావాస్య నాడు మీరంతా చేలో ఉంటే, మ్యాటు లేపి, కింద రబ్బరు బిరడా తీసి, గేర్లలోకి కాసింత కందెన పోశాను. మర్నాటికల్లా నోరు మూసుకుంది. మన భద్రం వచ్చి, 'నాన్నా, బండి మెత్తబడింది' అన్నాడు. ఎంత సంతోషమేసిందో నాకు!"

"చప్పుడు చచ్చింది. గేరు కూడా దాంతోనే చస్తోంది."

"నాకేం తెలుసు? ఇరుసు లాంటిదే కదా అనుకున్నాను."

"మొన్న శనివారం?"

ఆయన క్యాలెండరును బోర్లా తిప్పాడు. "మొన్న రెండింతలు పోశాను. వానలొస్తున్నాయి, పిల్లకు ఎప్పుడు ఏమవుతుందో, బండి గట్టిగా ఉండాలని. పాప కోసమే పోశానమ్మా."

నిర్మల కళ్ల ముందు ఆ ఎత్తు మీద వెనక్కి దొర్లిన పది బారలూ తిరిగాయి. నీలం పెదాలు తిరిగాయి. ఒక్క క్షణం ఈ ముసలాయన భుజాలు పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. చేతులు కొంగులో చుట్టేసుకుంది.

"ఆదివారం సాయంత్రమే తెలిసింది కదా మీకు? మరి ఎందుకు అడ్డం పడుకున్నారు?"

"అడుగు బిరడా విప్పితే గడ్డి మసి పడుతుంది. ఆ పూల్‌సింగ్ చూస్తాడు. నా కొడుకు చూస్తాడు. బసవపున్నయ్య కారుకు కందెన పెట్టి మనవరాలి ప్రాణం తియ్యబోయాడని జూలూరుపాడు దాకా చెప్పుకుంటారు. అది వినడం కంటే..."

"మామయ్యా." నిర్మల గొంతు పెంచలేదు. "మీరు మీ పరువు చూసుకుంటున్నారు. నేను నా పిల్ల ఊపిరి వింటున్నాను. ఇందాకే విన్నాను. మళ్లీ మొదలవుతోంది. మీరు పడుకోండి, మంచంతో సహా నేనే పక్కకు లాగుతాను."

ఆయన ఉలిక్కిపడి చూశాడు. "మళ్లీనా?"

"రేపో, ఎల్లుండో. మా నాన్న బోనకల్లు స్టేషన్లో పట్టాలు మార్చే పాయింట్లకు నూనె పెట్టేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పోయాడు, నా చదువూ అక్కడే పోయింది. కానీ ఆయన పని చూసి నేర్చుకున్నది ఒకటి ఉంది. ఎంత తొందరున్నా సరే, పాత జిడ్డు గుడ్డతో తుడిచేదాకా కొత్త చుక్క పడనిచ్చేవాడు కాదు. దాని మీద రైలు పోతుంది. లోపల మనుషులుంటారు. ఇవాళ ఆయిలు తీస్తున్నాం. వాళ్లకు చెప్పాల్సింది మాత్రం మీరే చెప్పండి. నేను చెబితే అది మీ మీద ఫిర్యాదవుతుంది."

దుంగలు మోసుకుంటూ భద్రయ్య, పూల్‌సింగ్ వచ్చేసరికి బసవపున్నయ్య మంచాన్ని తనే ఎత్తి గోడకు నిలబెడుతున్నాడు.

"పూల్‌సింగూ," అన్నాడు గోడ వైపే చూస్తూ. "నువ్వు తీయబోయేది ఉత్త ఆయిలు కాదు. మూడేళ్ల నుంచి ప్రతి అమావాస్యకూ అందులో కందెన పోస్తున్నాను. ఆముదం, గడ్డి మసి."

భద్రయ్య చేతిలో దుంగ జారి కాలి పక్కన పడింది. పూల్‌సింగ్ మాత్రం కళ్లు పెద్దవి చేసి, కారు వైపు ఒకసారి, ముసలాయన వైపు ఒకసారి చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వడం మొదలెట్టాడు.

"పెద్దయ్యా! మా బాపు లారీకి పెట్టిండే! బొగ్గు లారీ! తండాల మొదటిసారి లారీ వస్తే, చక్రం కిర్రుమంటున్నదని ఇంత గిన్నె కందెన తెచ్చి బ్రేకు డ్రమ్ముల పూసిండు. లారీ పోయి చెరువుల పడ్డది. నువ్వు నయం, చెట్టుకాడ ఆపినవ్!"

బసవపున్నయ్య గోడ వైపు నుంచి తిరిగాడు. నవ్వలేదు గానీ, భుజాలు కొంచెం దిగాయి. "మనుషులకేమన్నా అయిందా?"

"డ్రైవరుకు ఈత వచ్చు." పూల్‌సింగ్ నవ్వు ఆపి నిర్మల వైపు తిరిగాడు. ఇప్పుడు మొహంలోకి పని వచ్చేసింది. "వదినె, ఇప్పుడు లెక్క వేరే. గడ్డి మసి ఇసుక లెక్క. అది లోపల ఉన్నన్ని రోజులు పండ్లను తింటనే ఉంటది. ఆముదం వేడికి బంకైతది. తీయాల్సిందే. కానీ ఇంకో మాట చెప్త. ఆ బంకే ఇన్ని రోజులు అరిగిన పండ్లను దాచి పెట్టింది. తీసినంక లోపల ఏం మిగిలిందో అప్పుడే తెలుస్తది. ఏం మిగలకపోవచ్చు కూడ."

"తెలియనీ," అంది నిర్మల. "తెలిస్తే దాన్నిబట్టి ఏదో ఒకటి చేస్తాం. తియ్యి."

పూల్‌సింగ్ ముందు కారును స్టార్టు చేయించి, ఊరి చివరి దాకా రెండుసార్లు తిప్పించాడు. వేడి మీదైతేనే అడుగున ఉన్నది కూడా జారుతుందన్నాడు. దుంగల మీదికి ముందు చక్రాలు ఎక్కించి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. వెడల్పాటి గిన్నె పట్టుకుని నిర్మల కూడా వంగి కూర్చుంది.

బిరడా విప్పినా వెంటనే ఏమీ రాలేదు. పూల్‌సింగ్ తీగ పెట్టి కెలికాడు. అప్పుడు బెల్లం పాకంలా, నల్లగా, ముద్దలు ముద్దలుగా దిగింది. వేడికి ఆముదం కంపు గుప్పుమంది. పిల్ల తల దువ్వేటప్పుడు వచ్చే వాసన. ఆ వాసన ఇలా కారు కడుపులోంచి వస్తుంటే నిర్మల మొహం పక్కకు తిప్పుకుంది. గిన్నె మాత్రం కదలనివ్వలేదు.

"గ్యాస్‌నూనె తెప్పియ్, అన్నా. కడగాలె."

భద్రయ్య తెచ్చిన కిరసనాయిలు లోపల పోసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఇంజను కాసేపు తిప్పి, వదిలారు. నల్లటి నీళ్లు. మళ్లీ పోశారు. ఈసారి తేనెరంగు. మూడోసారి పోస్తుంటే బసవపున్నయ్య వచ్చి డబ్బా తన చేతిలోకి తీసుకున్నాడు. ఆయనే పోశాడు.

మూడోసారి దిగినదాంట్లో పూల్‌సింగ్ వేలు పెట్టి కలియతిప్పాడు. ఆగాడు. ఏదో పట్టుకుని, పంచె చెంగుకు తుడిచి, కారు కిందనుంచే నిర్మల అరచేతిలో పెట్టాడు. చింతగింజలో సగం ఉన్న ఇనప ముక్క. ఒక పక్క నున్నగా, ఒక పక్క విరిగిన గరుకు.

"రెండో గేరు పన్ను," అన్నాడు గొంతు తగ్గించి. "ఒకటి పోయింది. పక్కది ఉన్నదో, అదీ కదులుతున్నదో, విప్పితే తప్ప తెల్వది. విప్పితే నెల."

నిర్మల దాన్ని చూసింది. జానకికి వచ్చిన మొదటి పాలపన్ను ఇంతే ఉండేది.

"ఉన్నవాటితో ఎత్తు ఎక్కుతుందా?"

"ఎక్కొచ్చు. ఊడకుండ గేరు కాడను నొక్కి పట్టుకోవాలె. డ్రైవర్లు ట్యూబు ముక్కతోని కట్టేస్తరు గాని, ఎత్తు మీద అది ఆగది."

"ఆయనకు చెప్పు. నడిపేవాడికి తెలియాలి. మామయ్యకు మాత్రం ఇవాళ వద్దు. ఆయన మోసింది చాలు." ఇనప ముక్కను కొంగు చివర ముడి వేసుకుంది. "ఆయిలు పొయ్యి."

కొత్త ఆయిలు తేటగా దిగుతుంటే అందరూ వంగి చూశారు.

మధ్యాహ్నం దాటాక పరీక్షకు బయలుదేరారు. ఊళ్లోనే తిప్పి చూద్దామన్నాడు భద్రయ్య. నిర్మల ఒప్పుకోలేదు. ఆగింది ఎక్కడో అక్కడే చూడాలి అంది. జానకి అన్నం తిని మళ్లీ నిద్రపోయింది. పిల్లను వెంట తీసుకుపోవాలని ప్రాణం కొట్టుకుంది. కానీ మళ్లీ ఊడిపోతే ఆ కారులో పిల్ల ఉండకూడదు. "అరగంటలో వస్తాను, పిల్ల పక్కనుంచి లేవకండి అత్తయ్యా" అని మూడుసార్లు చెప్పింది. పూల్‌సింగ్ పనిముట్లు కడుక్కుంటానని ఉండిపోయాడు. బసవపున్నయ్య ఎవరూ పిలవకుండానే వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు.

ఎర్రదిబ్బ మొదట్లో భద్రయ్య రెండో గేరు వేశాడు. మెత్తగా పడింది. కానీ చప్పుడు! ఇన్నాళ్లూ గొంతులో గుడ్డ కుక్కినట్టున్న కారు, ఇప్పుడు ఒక్కసారిగా ఊళపెట్టింది. వెనక సీట్లో ముసలాయన చెవులు మూసుకున్నాడు.

"చప్పుడు పెరిగింది," అన్నాడు భద్రయ్య.

"అరవనీ. ఊడకుంటే చాలు."

తునికి మోడు కనిపించింది. దాని బెరడు మీద తెల్లరంగు గీత, ఆదివారంనాటిది. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి స్టీరింగు కింద గేరు కాడ వణకడం మొదలెట్టింది. భద్రయ్య నుదుటి మీద చెమట. రెండు చేతులూ స్టీరింగుకు కావాలి. నిర్మల పక్కకు జరిగి, కాడను రెండు చేతులా పట్టి నొక్కింది. అది లోపలినుంచి తన్నుతోంది. కడుపులో పిల్ల తన్నినట్టే తన్నుతోంది. పళ్లు బిగించింది. మోడు వెనక్కి పోయింది. రాతి మలుపు వెనక్కి పోయింది. ఎదురుగా ఆకాశం వచ్చింది.

పైన చదునులో భద్రయ్య ఇంజను ఆపాడు. బసవపున్నయ్య దిగి, ముందుకొచ్చి, కారు మూతి మీద అరచెయ్యి పెట్టాడు, అలసిన ఎద్దు మూపురం మీద పెట్టినట్టు. "ఏడిస్తే ఏడువు," అన్నాడు దానితో. "ఇక నేను చెయ్యి పెట్టను."

నిర్మల ఆదివారం తర్వాత మొదటిసారి ఊపిరి నిండా పీల్చుకుంది. అప్పుడే గాలి మారింది. భద్రాచలం వైపు అడవి మీద మబ్బు నల్లగా పట్టి ఉంది. తడిమట్టి వాసన ముందే వచ్చేసింది. టాపు మీద ఒక చినుకు టప్పున పడింది.

వెనక్కి తిరిగి ఊరి వైపు చూసింది.

ఎర్రదిబ్బ ఎత్తు మీద సైకిలు తొక్కేవాడు ఎవడూ ఉండడు. ఎంతటివాడైనా కిందనే దిగి, చేత్తో నడిపించుకుంటూ వస్తాడు. పూల్‌సింగ్ దిగలేదు. పెడళ్ల మీద లేచి నిలబడి, ఒళ్లంతా ఊగిస్తూ తొక్కుతున్నాడు. నోరు తెరుచుకుని ఏదో అరుస్తున్నాడు గానీ గాలికి మాట వినపడటం లేదు.

వినపడాల్సిన అవసరం నిర్మలకు లేదు.

"ఎక్కండి మామయ్యా." ఆమె అప్పటికే సీట్లో ఉంది. మళ్లీ కిందికి దిగాలి. పిల్లను ఎత్తుకుని, తడిసిన మట్టి మీద, మళ్లీ ఇదే ఎత్తు ఎక్కాలి. ఈసారి ఒళ్లో జానకి ఉంటుంది, ఆయాసంలో పిల్ల అమ్మను వదలదు. కాడ నొక్కడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది.

భద్రయ్య తాళం తిప్పడానికి చెయ్యి చాపి ఆగాడు. నిర్మల కొంగు ముడిలోని ఇనప పన్నును ఒకసారి తడుముకుని, ఆయన చేతి మీద తన చెయ్యి వేసింది.

"తిప్పండి," అంది.